ఎదురొచ్చే సైకిల్‌ని ఎలా పలకరించాలి? బీచ్ రోడ్డు మీద నేర్చుకున్న సంగతులు

కొత్తగా సైకిల్ కొనుక్కుని ఆదివారం పొద్దున్నే వైజాగ్ బీచ్ రోడ్డెక్కినవాళ్లకి మొదటి వారంలోనే ఒక అనుమానం వస్తుంది. గేర్ల గురించి కాదు, సీటు ఎత్తు గురించీ కాదు. ఎదురుగా హెల్మెట్ పెట్టుకున్న మనిషి ఒకాయన వస్తుంటాడు, ఆయనెవరో మనకి తెలీదు, చెయ్యి ఊపాలా వద్దా అని మనం తేల్చుకునేలోపు ఆయన చెయ్యెత్తి వెళ్లిపోతాడు, మనం తేరుకుని చెయ్యెత్తేసరికి అది కాస్తా వెనకాల వస్తున్న ఆటో డ్రైవర్‌కి చేరుతుంది. బేరం తగిలిందనుకుని ఆయన ఆటో స్లో చేస్తాడు. నాకిది రెండుసార్లు జరిగింది. రెండోసారి ఆటో ఆయన తిట్టాడు కూడా.

ఐదారేళ్లుగా వారానికి రెండు మూడు రోజులు ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు తొక్కుతున్నాను. పాతిక కిలోమీటర్లు అటూ ఇటూ ఉండే దారి. ఈ దారిలో ఎవర్ని ఎప్పుడు ఎలా పలకరించాలో నాకెవరూ చెప్పలేదు, తప్పులు చేసి తెలుసుకున్నదే. అందుకే రాస్తున్నాను. ఇవేం రూల్స్ కావు, ఎవరూ ఫైన్ వెయ్యరు.

ముందు లెక్క చూడండి

పలకరింపు తేలిపోవడానికి అసలు కారణం టైమింగ్. మీరు గంటకి 25 కిలోమీటర్ల స్పీడులో వెళ్తున్నారు, ఎదుటాయన కూడా అంతే స్పీడులో వస్తున్నాడు అనుకోండి. మీ ఇద్దరి మధ్య దూరం 50 కిలోమీటర్ల స్పీడుతో తగ్గుతుంది, అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. ముప్ఫై మీటర్ల దూరంలో ఆయన మొహం కనబడిందంటే మీ చేతిలో ఉన్నది రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలో మీరు ఎత్తాలి, ఆయన చూడాలి, ఆయన తిరిగి ఎత్తాలి. కాబట్టి ఆలోచన ముందే అయిపోవాలి. హెల్మెట్ ఆకారం కనబడగానే పలకరిద్దాం అని డిసైడైపోండి, నలభై మీటర్ల దగ్గర మొదలుపెట్టెయ్యండి. ‘గుడ్ మార్నింగ్ సార్’ లాంటి పొడుగు మాటలు ఈ స్పీడులో పనికిరావు, మీరు సార్ దగ్గరికొచ్చేసరికి ఆ సార్ కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం దాటేసి ఉంటాడు.

మరి చెయ్యడమేంటి? హ్యాండిల్ మీద నుంచి నాలుగు వేళ్లు పైకి లేపండి, బొటనవేలు, అరచెయ్యి అక్కడే ఉంటాయి. చాలా మందికి అది చాలదేమో అనిపిస్తుంది కానీ, ఎదుటివాడు కూడా సైకిల్ తొక్కేవాడే, వాడి కళ్లు మీ చేతుల మీదే ఉంటాయి, కనబడుతుంది. రోడ్డు నున్నగా ఉండి, చుట్టూ ఎవరూ లేకపోతే మొత్తం చెయ్యి ఎత్తండి, నేనొద్దనను. ఎత్తితే ఎడమ చెయ్యే ఎత్తండి. మన దగ్గర అమ్మే సైకిళ్లలో ఎక్కువ వాటికి కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది, ఆపే బలం ఎక్కువగా దాన్లోనే ఉంటుంది, అది వదిలేసి పలకరింపులేంటి? మీ సైకిల్‌కి అటుదిటుగా ఉంటే చెయ్యీ మార్చుకోండి. బీచ్ రోడ్డు మీద ఇంకో తంటా ఏంటంటే గాలి రోజున అక్కడక్కడ ఇసుక కొట్టుకొచ్చి తారు మీద పల్చగా పరుచుకుని ఉంటుంది, దూరం నుంచి కనబడదు. ఒంటి చేత్తో ఇసుక మీదకి పోయి టైరు జారిన మనిషిని నేను చూశాను, ఎవరో కాదు, కాఫీ షాపు అద్దంలో కనబడ్డ నా మోచెయ్యే సాక్ష్యం.

ఇక తల. తల ఊపడంలో మనకో చిక్కుంది. గడ్డం పైకెత్తితే మన ఊళ్లో దానికి ‘ఏంటి?’ అని అర్థం. తెలిసినవాడికైతే అది ‘ఏంటి గురూ, కనబడ్డం లేదు’ అన్నట్టు ముద్దుగా ఉంటుంది, తెలీనివాడికైతే కయ్యానికి కాలు దువ్వినట్టుంటుంది. అందుకని పరిచయం లేనివాళ్లకి తల కిందికి వంచండి, పరిచయమయ్యాక పైకి ఎత్తుకోవచ్చు. పెద్దవాళ్లకి, అంటే తెల్లజుట్టు హెల్మెట్ కింద నుంచి కనబడుతున్నవాళ్లకి, తల వంచుతూ ‘నమస్తే అండీ’ అంటే చాలు. రెండు చేతులూ వదిలేసి నమస్కారం పెట్టే భక్తులు ఒకరిద్దరున్నారు మన రోడ్డు మీద, దండం అందుకోవాల్సిన పెద్దాయన గుండె పట్టుకుంటాడు.

నోటి మాటంటే పొట్టిది పడాలి. ‘అన్నా’, ‘మాస్టారూ’, ‘గురూ’, ఇవి మూడూ చాలు మన వైజాగ్‌కి. ‘గురూ’ మన ఈడు వాళ్లకి, ‘మాస్టారూ’ ఎవరికైనా. ‘అంకుల్’ అని మాత్రం అనకండి, సైకిల్ మీద ఉన్న యాభై ఏళ్ల మనిషి ఆ ఒక్క గంటా తనకి ముప్ఫై అనుకుంటూ తొక్కుతుంటాడు.

బెల్లు పలకరింపు కాదు. బెల్లు కొడితే ఎదుటివాడు తప్పుకోమంటున్నారేమో అని కంగారుపడి అటో ఇటో జరుగుతాడు. ముఖ్యంగా పొద్దున్నే వాకర్ల కోసం ఆర్కే బీచ్ దగ్గర బండ్లని రానివ్వని సమయంలో అక్కడ రాజ్యం నడిచేవాళ్లది, మనం పక్కనుంచి మెల్లిగా పోవాలి. అక్కడ టింగ్‌టింగ్‌మని స్నేహితుల్ని పలకరిస్తూ పోతే నాలుగొందల మంది వెనక్కి తిరుగుతారు.

వెనక నుంచి వచ్చేటప్పుడు

ఎదురుగా వచ్చేవాళ్లని పలకరించకపోతే ఏం కొంపలు మునగవు. వెనక నుంచి దాటేటప్పుడు మాత్రం పలకరింపు తప్పనిసరి, ఎందుకంటే మీరు వస్తున్నట్టు ఆయనకి తెలీదు. సముద్రం హోరు, గాలి, పైగా చాలా మంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు. మంచి సైకిల్ చప్పుడు చెయ్యదు. మీరు మోచేతి దగ్గర ప్రత్యక్షమై ‘హాయ్’ అన్నారంటే ఆయన ఉలిక్కిపడతాడు, ఉలిక్కిపడ్డ మనిషి హ్యాండిల్ కూడా ఉలిక్కిపడుతుంది, అది తిరిగేది మీ మీదకే.

పదిహేను మీటర్ల వెనక నుంచే గొంతెత్తి ‘రైట్‌లో వస్తున్నా అన్నా’ అనండి. యూట్యూబ్‌లో అమెరికా వీడియోలు చూసి ‘ఆన్ యువర్ లెఫ్ట్’ అని అరిచే కుర్రాళ్లున్నారు. బాబూ, వాళ్లు రోడ్డుకి కుడి పక్కన నడుపుతారు కాబట్టి ఎడమ నుంచి దాటుతారు. మనం ఎడమ పక్కన ఉంటాం, కుడి నుంచి దాటాలి. మీరు లెఫ్ట్ అని అరిస్తే ఆయన పాపం లెఫ్ట్ ఖాళీ చేసి కుడికి జరుగుతాడు, సరిగ్గా మీరు వచ్చే దారిలోకి. దాటాక ఓ చిన్న తల ఊపు, అంతే. దాటి వెంటనే ముందుకొచ్చి స్లో అయిపోకండి, అది పలకరింపు కాదు, కవ్వింపు.

వెనకాల చక్రానికి అంటుకుని వచ్చేవాళ్లు ఇంకో రకం. ముందువాడి చాటున గాలి తక్కువ తగుల్తుంది, సుఖంగా ఉంటుంది, అందరికీ తెలుసు. కానీ అడక్కుండా చేరకండి. ‘మీ వెనకాల కాసేపు రావచ్చా మాస్టారూ?’ అని ఒక్క మాట అడిగితే నూటికి తొంభై మంది రమ్మంటారు, పైగా గుంత వస్తే చెయ్యి కిందికి చూపించి చెప్తారు. అడక్కపోతే ఆయనకి మీరు ఉన్నట్టే తెలీదు, సడన్‌గా బ్రేకు వేస్తాడు, మీరు ఆయన కార్యక్రమంలో భాగమైపోతారు.

గుంపుగా వెళ్తున్నప్పుడు చెయ్యి పైకెత్తకూడదు. గుంపులో ఎత్తిన చెయ్యికి ‘ఆగుతున్నాను’ అని అర్థం. ముందున్నవాడు ఎదురొచ్చే స్నేహితుడికి హుషారుగా చెయ్యెత్తితే వెనకాల పది మంది బ్రేకులు పట్టేస్తారు, పదకొండోవాడు పట్టడు. గుంపులో ఉంటే తలతోనో, నోటితోనో పలకరించండి, అదీ అందరూ అక్కర్లేదు, మొదటివాడు పలకరిస్తే గుంపంతా పలకరించినట్టే. ఒంటరిగా పోతున్న మనిషిని గుంపు దాటుతుంటే మొదటివాడు ‘ఎనిమిది మందిమి వస్తున్నాం’ అని చెప్పాలి, చివరివాడు ‘నాతో ఆఖరు’ అనాలి. ఈ రెండు ముక్కలూ చెప్తే ఆ మనిషి ఎంత నిశ్చింతగా ఫీలవుతాడో ఒక ఆదివారం మీరే ఒంటరిగా వెళ్లి చూడండి.

మెట్ట మీద

లాసన్స్ బే దాటి జోడుగుళ్లపాలెం నుంచి తెన్నేటి పార్కు వైపు ఎక్కుతుంటే, అదే, 2020లో బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చి ఊరంతా ఫొటోలకి ఎగబడ్డ చోటు, అక్కడ ఊపిరి లెక్క మారిపోతుంది. తొట్లకొండ రోడ్డైతే మరీను, బౌద్ధారామాలున్న ఆ కొండ సముద్రమట్టానికి 128 మీటర్లు, మనం బయల్దేరింది సముద్రం పక్క నుంచే కాబట్టి దాదాపు ఆ మీటర్లన్నీ మన కాళ్లే కట్టాలి. సింహాచలం ఘాట్ సంగతి చెప్పక్కర్లేదు.

ఎక్కుతున్నవాడు మీకు జవాబివ్వలేడు, ఇవ్వాలని ఆశించకండి. దిగుతున్నవాడి రెండు చేతులూ బ్రేకుల మీద ఉండాలి, కాబట్టి వాడూ చెయ్యెత్తకూడదు. మిగిలింది చూపు, చిన్న నవ్వు. దిగేవాడు ఒక్క మాట అనొచ్చు. ఏమనాలి? ‘ఇంకొంచెమే’ అని మాత్రం అబద్ధం చెప్పకండి. కైలాసగిరి మొదటి మలుపులో ఒకాయన నాకు ఇంకొంచెమే అని చెప్పాడు, ఆ మాట నమ్మి ఉన్న బలమంతా అక్కడే ఖర్చుపెట్టాను, తర్వాత సైకిల్ నడిపించుకుంటూ పైకెళ్లాను. నిజంగా ఒక్క మలుపే ఉంటే ‘ఒక్క మలుపే’ అనండి. లేకపోతే ‘బాగా ఎక్కుతున్నారు’ అంటే సరిపోతుంది.

ఆడవాళ్లు ఒంటరిగా తొక్కుతుంటే

దీన్ని గురించి మగవాళ్లకి సూటిగానే చెప్తాను. ఎదురుగా వస్తే మిగతా అందరికీ ఎలాగో అలాగే, తల వంచి మీ దారిన మీరు పోండి. వెనక నుంచి దాటుతుంటే ఇంకాస్త దూరం నుంచే గొంతు వినిపించండి, ఎక్కువ ఖాళీ వదలండి, దాటేసి వెళ్లిపోండి. పక్కనే సమానంగా తొక్కుతూ కబుర్లు మొదలుపెట్టడం, ‘ఒక్కరే వచ్చారా?’ ‘రోజూ ఇదే టైముకి వస్తారా?’ అని అడగడం, ఇవి మీ ఉద్దేశం ఎంత మంచిదైనా వినేవాళ్లకి టెన్షన్ పెట్టే ప్రశ్నలు. సాగర్ నగర్ దాటాక చీకట్లో రోడ్డు ఎంత ఖాళీగా ఉంటుందో మీకూ తెలుసు. నాతో తొక్కే అక్క ఒకావిడ చెప్పింది, ఆవిడకి అన్నిటికంటే నచ్చే పలకరింపు ఏంటంటే, దాటేవాడు ‘రైట్‌లో వస్తున్నానండీ’ అని దాటి, వెనక్కి తిరిగి చూడకుండా పోవడం.

చీకటి అన్నాను కాబట్టి లైట్ల సంగతి కూడా. నవంబరు, డిసెంబరుల్లో ఐదింటికి బయల్దేరితే చాలాసేపు లైటుతోనే. లైటు ఆర్పి వెలిగించి హాయ్ చెప్పడం కొందరికి సరదా. మొహం మీద పడితే ఎదుటివాడికి కొన్ని సెకన్లు గుంతా కనబడదు, కుక్కా కనబడదు. లైటు తారు మీదకి వంచి ఉంచండి, నోటితో పలకరించండి.

సైకిల్ తొక్కే మిగతా అందరూ

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న దగ్గరికొచ్చాను. మన పలకరింపులన్నీ హెల్మెట్ నుంచి హెల్మెట్‌కే పోతున్నాయి. జెర్సీ వేసుకున్నవాడు జెర్సీ వేసుకున్నవాడికి చెయ్యెత్తుతాడు. అదే రోడ్డు మీద, అదే టైములో, మనకంటే ముందే లేచి సైకిల్ తొక్కుతున్నవాళ్లున్నారు. పేపర్ వేసే కుర్రాడు, పాల క్యాన్లు కట్టుకున్నాయన, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోతున్న వాచ్‌మన్, మంగమారిపేట వైపు చేపల బుట్టతో పోయేవాళ్లు, ఎండాకాలమైతే ముంజల బస్తాలవాళ్లు. వాళ్లని మనం దాటుకుంటూ పోతాం, చూపు కూడా పడదు. నేనూ అంతే ఉండేవాణ్ణి.

ఒక మే నెల శనివారం. భీమిలి నుంచి తిరిగొస్తున్నాను, మంగమారిపేట దాటాక వెనక టైరు పోయింది. పక్కకి తీసి, ట్యూబు మార్చి, టైరు మళ్లీ రిమ్ములోకి ఎక్కిస్తుంటే చివరి జానెడు ముక్క ఎక్కట్లేదు. టైరు ఎక్కించడానికి ఉన్న ఒక్క ప్లాస్టిక్ లీవరూ పుటుక్కున విరిగింది. అప్పటికే ఎనిమిది దాటింది, ఎండ నెత్తిమీదకొస్తోంది. దూరంగా ఇద్దరు సైక్లిస్టులు కనబడితే సాయం కోసం చెయ్యెత్తాను. వాళ్లిద్దరూ నవ్వుతూ తిరిగి చెయ్యెత్తి, ‘గుడ్ మార్నింగ్ బ్రో’ అని వెళ్లిపోయారు. కాసేపటికి ఇంకో ముగ్గురు. వాళ్లూ చెయ్యి ఊపారు, ఒకాయన బొటనవేలు కూడా చూపించాడు. ఐదుగురు, ఐదు పలకరింపులు, సైకిల్ బోర్లా పడి ఉంది. వాళ్ల తప్పు లేదు, నేనెత్తిన చెయ్యి పలకరింపులాగే ఉంది మరి.

ఆగింది పాత నల్ల సైకిల్ మీద, వెనక క్యారియర్‌కి ముంజల బస్తా కట్టుకుని వస్తున్న ఒకాయన. యాభై పైనే ఉంటాయి. స్టాండు వేసి, తలపాగా తుండుతో మొహం తుడుచుకుని, ‘ఏటి బాబూ, ఎక్కట్లేదా?’ అన్నాడు. నా చేతిలోంచి చక్రం తీసుకున్నాడు. నేను చేసిన తప్పేంటో అప్పుడు తెలిసింది. ట్యూబులో గాలి ఉంచేసి ఎక్కిస్తున్నాను. ఆయన వాల్వ్ నొక్కి గాలంతా తీసేశాడు. తర్వాత చక్రం చుట్టూ టైరు అంచుల్ని రెండు పక్కల నుంచీ వేళ్లతో పిండుకుంటూ వచ్చాడు, రిమ్ము మధ్యలో పల్లంగా ఉంటుంది కదా, అంచు అందులోకి జారితే టైరు కాస్త వదులవుతుంది, ఆ వదులంతా వాల్వ్ దగ్గరికి తోసుకొచ్చాడు. చివర్లో రెండు అరచేతులూ ఆనించి, రొట్టె పిండి నెట్టినట్టు ముందుకి దొర్లించాడు. టప్‌మని ఎక్కింది. నిమిషం కూడా పట్టలేదు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు, రెండు కాయలు కొట్టించుకుని ముంజలు తిన్నాను, వాటికి తీసుకున్నాడు.

దీన్నుంచి మీకు పనికొచ్చేవి రెండు. ఒకటి, సాయం కావాలంటే ఊరికే చెయ్యెత్తకండి, అరచెయ్యి కిందికి పెట్టి ‘ఆగండి’ అన్నట్టు పైకీ కిందికీ ఆడించండి, లేదా ఊడదీసిన చక్రం పట్టుకుని నిలబడండి, నోటితో ‘కాస్త ఆగన్నా’ అని అరవండి. రెండు, రోడ్డు పక్కన ఎవరి సైకిల్ ఆగి ఉన్నా స్లో అయి ‘ఏమైనా కావాలా?’ అని అడగండి. వాళ్లు ఫొటో తీసుకుంటున్నా సరే, ఫోన్ మాట్లాడుతున్నా సరే. బాగానే ఉంటే బొటనవేలు చూపిస్తారు, మీరు పోవచ్చు. ఎవరి సైకిల్ అయినా అన్నాను, గేర్ల సైకిల్ అని అనలేదు. మామూలు హీరో, అట్లాస్ సైకిళ్లకి ఉండే పాత రకం వాల్వ్‌కి మన సన్న వాల్వ్ (ప్రెస్టా) పంపు సరిపోతుంది, చాలా మందికి ఈ సంగతి తెలీదు. జెర్సీ జేబులో పంపు పెట్టుకుని పాలాయన పక్కనుంచి పోయిన రోజులు నాకూ ఉన్నాయి, పనికిరాదేమో అనుకుని.

ఇక వాళ్లని పలకరించేటప్పుడు ‘హాయ్’లు, బొటనవేళ్లు ఎందుకు, మామూలుగా ఇంటి పక్కవాళ్లని పిలిచినట్టే పిలవండి. ‘బాబాయ్’, ‘అన్నా’, ‘తమ్ముడూ’. బరువు వేసుకుని తొక్కుతున్నవాడు చెయ్యెత్తలేడు, వాడి హ్యాండిల్ వదిలితే బస్తా ఒరిగిపోతుంది. కాబట్టి జవాబు మాటగానో, ఒట్టి చూపుగానో వస్తుంది. మొదట్లో కొందరు ఎందుకు పిలిచారా అని ఆగబోతారు కూడా, ‘ఏం లేదు బాబాయ్, ఊరికే’ అనేసి పోండి, రెండో వారం నుంచి వాళ్లే ముందు పిలుస్తారు. స్పీడుగా వాళ్ల పక్క నుంచి రాసుకుంటూ మాత్రం పోకండి, బస్తాలు, క్యాన్లు పక్కలకి బాగా బయటికి ఉంటాయి.

పిల్లలు మిమ్మల్ని చూడగానే రేస్ మొదలుపెడతారు. ఓడిపోండి. కానీ మెయిన్ రోడ్డు దాకా మీ వెనకాల రానివ్వకండి, సందు చివర ఆగి ‘నువ్వే ఫస్ట్, ఇంక వెనక్కి పో’ అని పంపించండి.

రెండొందల కిలోమీటర్ల బ్రెవే, అంటే టైము లోపల పూర్తి చెయ్యాల్సిన దూరపు రైడ్, తొక్కేవాళ్లు హైవే మీద ఎదురవుతుంటారు, రిఫ్లెక్టర్ జాకెట్లు వేసుకుని. వాళ్లకి పదమూడున్నర గంటల్లో పూర్తి చెయ్యాలన్న లెక్క ఉంటుంది. తల ఊపి వదిలెయ్యండి, కబుర్లకి ఆపకండి. మద్దిలపాలెం, ఎన్‌ఏడీ, గాజువాక లాంటి జంక్షన్లలో అయితే ఎవర్నీ పలకరించొద్దు, బస్సు చూసుకోండి.

జవాబు రాకపోతే

వస్తే సంతోషం, రాకపోతే మర్చిపోండి. వేసవిలోనూ వానాకాలంలోనూ మనకి గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. భీమిలి ఈశాన్యం వైపు. అంటే వెళ్లేటప్పుడు గాలి మిమ్మల్ని తోస్తుంది, మీరు నవ్వుతూ తుళ్లుతూ అందరికీ చెయ్యి ఊపుకుంటూ పోతారు. ఎదురుగా వచ్చేవాడు అదే గాలికి తల దించుకుని, పళ్లు బిగించి, ముందు చక్రం తప్ప ఏమీ చూడకుండా తొక్కుతుంటాడు. పొగరనుకోకండి. గంట తర్వాత మీరూ అదే అవతారంలో తిరిగొస్తారు, అప్పుడు కొత్తగా బయల్దేరినవాళ్లు మీ గురించి పొగరనుకుంటారు. నవంబరు, డిసెంబరుల్లో గాలి ఈశాన్యానికి తిరుగుతుంది కాబట్టి వరస మారుతుంది, అప్పుడు వెళ్లేవాళ్లది ముభావం, వచ్చేవాళ్లది సరదా. ఇంతే రహస్యం. చెవుల్లో పాట ఉండొచ్చు, గుంత తప్పిస్తుండొచ్చు, ఇంట్లో గొడవై వచ్చుండొచ్చు.

అదే మనిషి అదే పొద్దున రెండోసారి ఎదురైతే నవ్వు చాలు. ఆర్కే బీచ్ దగ్గర రౌండ్లు కొట్టేవాళ్లు మూడోసారి ఎదురైతే అదీ అక్కర్లేదు, ఇద్దరూ సముద్రం చూడండి.

టీ కొట్టు దగ్గర

భీమిలిలో టీకి ఆగినప్పుడు అసలు పరిచయాలు అవుతాయి. సైకిల్ స్టాండు లేని సైకిళ్లు గోడకి ఆనించి ఉంటాయి, ఒకదాని మీద ఒకటి ఆనించకండి, ముందుది జారితే అన్నీ పడతాయి. ఎదుటివాడి సైకిల్‌ని అడక్కుండా ఎత్తి బరువు చూడకండి. ‘ఎంత పడింది?’ అన్నది రెండో ప్రశ్నగానైనా ఉంచండి, మొదటి ప్రశ్న ‘ఎక్కడ నుంచి వస్తున్నారు?’ కావచ్చు కదా.

మరి టీ కొట్టాయనో, పక్కన కూర్చున్న పెద్దాయనో మిమ్మల్ని అడిగితే? అడుగుతారు, ఖాయం. ‘గేర్లదా? ఎంతయ్యింది?’ అని. నిజం చెప్తే నోరెళ్లబెడతారని నేను చాలా రోజులు సగం చెప్పేవాణ్ణి. ఆ సగానికే ‘బండి వచ్చేస్తాది కదా’ అనేవారు. చెప్పండి, చెప్పి మీరు కూడా ఆయన సైకిల్ గురించి ఒక ప్రశ్న అడగండి. ఎన్నేళ్లయింది, చైన్ ఎప్పుడు మార్చారు, ఎంత బరువు మోస్తుంది. నలభై ఏళ్లుగా సైకిల్ తొక్కుతున్న మనిషి దగ్గర టైర్ల గురించి మీకు తెలీని సంగతులు ఉంటాయి, నాకు రిమ్ము దగ్గరే ఉన్నాయని తేలింది కదా.

ఆ ముంజలాయన తర్వాత రెండు వారాలకి అక్కడే కనబడ్డాడు. ఈసారి గడ్డం పైకెత్తాడు. టీ చెప్పాను. నా సైకిల్ చుట్టూ ఒకసారి తిరిగి, ‘ఎత్తొచ్చా బాబూ?’ అని అడిగి, ఒక్క చేత్తో పైకి లేపి చూశాడు.

‘ఇదేటిది, గాలొస్తే ఎగిరిపోదా?’

‘మీదెంత బాబాయ్ బరువు?’ అన్నాను.

‘ఎత్తి చూడు’ అన్నాడు టీ ఊదుకుంటూ. రెండు చేతులూ వేసి లాగాను, వెనక చక్రం నేల వదల్లేదు.

‘సగం బస్తానే ఉంది ఇప్పుడు’ అన్నాడు.